టీకాల కథ ఒక్కటేనా?

మహమ్మారుల మీద వచ్చిన వ్యాసంలో, వాటి చరిత్ర అంటే టీకాల విజయగాథ అన్నట్టే రాశారు వ్యాసకర్త. మశూచి వరకు నిజమే, కాదనను. 1980లో అది ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారంటే టీకా చలవే. కానీ 1897 నాటి పూణే ప్లేగు గురించి ఒక్క ముక్క కూడా లేదేం? బ్రిటిష్ సోల్జర్లు రోగుల కోసం ఇళ్లలో జొరబడి సోదాలు చేస్తుంటే జనం రోగుల్ని దాచేశారు. చివరికి ప్లేగు అధికారి రాండ్‌ని తుపాకీతో కాల్చేశారు. ఆ ఏడాది తెచ్చిన అంటువ్యాధుల చట్టాన్నే మళ్లీ 2020లో కరోనా వచ్చినప్పుడు బయటకు తీశారు.

అప్పటి లాక్‌డౌన్‌లో మా శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వెరావల్‌లో ఇరుక్కుపోయారు. ఏప్రిల్ చివర్లో గానీ బస్సులెక్కలేదు. ఇక్కడ మా ఊళ్లో కుర్రాళ్లు రోడ్డుకి అడ్డంగా ముళ్లకంపలు వేసి కాపలా కాశారు (సగంమంది మూతికి మాస్కుల్లేకుండానే!). జ్వరమొచ్చినవాడు నోరు విప్పితే ఒట్టు. తీసుకెళ్లి బడిలో క్వారంటైన్‌లో పెడతారని టెన్షన్, పైగా కూలి పోతుంది. ఆశా కార్యకర్త బిళ్లలతోపాటు ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడగడం మొదలెట్టాకే తలుపులు తెరిచారు. ఆమెకి దక్కేది గౌరవ వేతనమే. దాని మీద కూడా వ్యాసంలో ఒక పేరా ఉండాల్సింది.