శ్రీ సేఫ్నర్ గారూ, ఇంతకీ మీరేం పని చేస్తుంటారండీ?

సేఫ్నర్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ పంట క్షేమం, కలుపు మాత్రం క్షేమంగా లేదు.

మిమ్మల్ని పొగడాలో తిట్టాలో తేలక ఈ ఉత్తరం రాస్తున్నాను. కలుపు మందు తయారుచేసేవాళ్లే, ఆ మందు దెబ్బ పంటకు తగలకుండా కాపాడే రసాయనమైన మిమ్మల్నీ తయారుచేసి, చాలాసార్లు ఇద్దరినీ ఒకే డబ్బాలో పోసి అమ్ముతారు కదా, పిల్లను గిల్లి ఊయల ఊపడం అంటే ఇదే. పోనీ మీరు లేకుండా కొట్టి చూద్దామంటే ఆ పొలం వైపు చూడలేం. ఎసిటోక్లోర్ లాంటి కలుపు మందు పడిన నేలకు చలీ తడీ తోడయ్యాయంటే మొక్కజొన్న మొలక పైకి రాకముందే మెలికలు తిరిగిపోవచ్చు, వచ్చినా కొత్త ఆకు విప్పుకోలేక కింది ఆకు చుట్టలో కొస ఇరుక్కుని విల్లులా వంగిపోతుంది. అందుకని నోరు మూసుకుని మీకో దండం.

మీ పుట్టుక కథ మరీ బాగుంటుంది. 1947లో శాస్త్రవేత్త ఒట్టో హాఫ్‌మన్ గ్రీన్‌హౌస్‌లో టమాటా మొక్కలకు 2,4-డి అనే కలుపు మందు ఆవిరి తగిలితే, అంతకుముందు దాని చుట్టమైన 2,4,6-టి కొట్టిన మొక్కలు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయట. అక్కడ మొదలై, 1970ల తొలినాళ్లకు మొక్కజొన్న విత్తనానికి పట్టించే నాఫ్తాలిక్ అన్‌హైడ్రైడ్ రూపంలో బజారుకెక్కారు. ఇంతా చేసి, దారి చూపించిన టమాటానే వదిలేశారు! ఇవాళ మీరు కాపలా కాసేదంతా మొక్కజొన్న, జొన్న, వరి, గోధుమ లాంటి గడ్డిజాతి పంటలకే. విశ్వాసం అంటే ఇలా ఉండాలి.

మీ పనితనం సంగతి. చాలామంది మిమ్మల్ని విరుగుడు అనుకుంటారు గానీ, మీరు మందు జోలికే పోరు. మొక్కలోనే ఉన్న గ్లూటాథయాన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజులు, సైటోక్రోమ్ పి450లు అనే ఎంజైముల ఉత్పత్తిని పెంచేస్తారు. అవి కలుపు మందు అణువును పట్టుకుని, మార్చి, దానికి గ్లూటాథయానో చక్కెరో తగిలిస్తే, మొక్క దాన్ని కణంలోని వాక్యూల్ అనే సంచి‌లోకి నెట్టి తలుపేస్తుంది. చాకిరీ మొక్కది, పేరు మీది.

పేరు మీది అందామంటే అదీ లేదాయె! మీరు కలుపును చంపరు కాబట్టి అమెరికా చట్టం మిమ్మల్ని ద్రావకాల పక్కన, "ఇనర్ట్" సరుకుల్లో కూర్చోబెట్టింది. ఏకంగా మొక్క జన్యువుల్ని తట్టి లేపే శాల్తీ ఏ పనీ చేయనట్టే లెక్క (నాకూ ఇలాంటి ఉద్యోగం ఒకటి చూసిపెట్టండి). యూరప్ కొంచెం నయం, 2009 చట్టంలో మీకంటూ ఒక నిర్వచనం ఇచ్చింది, కాకపోతే మిమ్మల్ని సమీక్షించే కార్యక్రమం 2014 కల్లా రావాల్సింది 2024లో వచ్చింది. ఈలోగా మీ బంధువులు బెనాక్సకార్, డైక్లోర్మిడ్ అమెరికా వాగుల్లో తేలారు. ఏ పనీ లేనివాళ్లు షికారుకెళ్లడంలో వింతేముంది లెండి.

వరి రైతుకు మాత్రం మీరున్నారో లేరో తెలియడం ప్రాణావసరం. మొలకెత్తిన విత్తనం చల్లిన దమ్ములో ప్రెటిలాక్లోర్ అనే కలుపు మందు కొట్టాలంటే పక్కన మీ ఫెన్‌క్లోరిమ్ అవతారం ఉండాలి. నాటిన వరికి మీరు లేని రకం సరిపోతుంది. మందు పేరు ఒకటే కదా అని ఆ డబ్బా తెచ్చి ఈ మడిలో పోస్తే మొలక గతి ఏం కావాలి?

ఇంకో ఫిర్యాదు ఉంది. గోధుమ చేలల్లో బ్లాక్‌గ్రాస్ అనే కలుపుంది, మీకు తెలిసే ఉంటుంది. రకరకాల మందులకు లొంగకుండా తయారైన బ్లాక్‌గ్రాస్‌లో, మీరు గోధుమలో తట్టి లేపే తరహా ఎంజైములే మీ ప్రమేయం లేకుండా పుష్కలంగా ఉంటున్నాయి. డబ్బా కొనలేదు, లేబుల్ చదవలేదు, మీ విద్య మొత్తం దించేసింది. దాని మీదైనా కేసు వేస్తారా, లేక అదీ మీ డ్యూటీ కాదంటారా?

ఇట్లు,
డబ్బా వెనక చిన్నక్షరాలు చదివే జబ్బున్న ఒకరు