ఆ పిల్లల స్లైడ్ ఎందుకు తీసేశారు?

డెట్రాయిట్‌లో మన తెలుగు సంఘం జరిపిన మొన్నటి ఉగాది సాయంత్రం పంచాంగ శ్రవణం బాగా రక్తి కట్టింది. పంతులుగారు ఒక్కో రాశికీ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదువుతుంటే హాలంతా ఒకటే నవ్వులు. 'అవమానం ఆరు' అనగానే వెనక వరసలో ఒకాయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడు కూడా. తర్వాత పిల్లల సన్మానం మొదలైంది. స్పెల్లింగ్ పోటీలు, రోబోటిక్స్, లెక్కల పోటీలు, పేరున్న కాలేజీల్లో సీట్లు. పేరుపేరునా పిలిచి మెమెంటోలు ఇచ్చారు, సంతోషం. మన సంఘం పేరున్న చొక్కాలు వేసుకుని సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడిన పిల్లల్ని మాత్రం పిలవలేదు. మధ్యాహ్నం రిహార్సల్‌లో వాళ్ళ స్లైడ్ ఉంది. సాయంత్రానికి మాయమైంది. అడిగితే కార్యవర్గంలో ఒకరు "ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు కదండీ, పండగ పూట నెగెటివ్ ఎందుకని..." అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ పూట భోజనం సయించలేదు.

ఆ ఆటలన్నీ గట్టు మీద నిలబడి చూసినవాణ్ణి కాబట్టి ఒక్క సంగతి చెబుతాను. ఫ్లాగ్ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాలే, కానీ ఇందులో ఒకరి మీద ఒకరు పడి తోసుకోవడాలు ఉండవు. బంతి పట్టుకున్నవాడి నడుముకు వేలాడే ఫ్లాగ్ లాగేస్తే ఆట అక్కడికి ఆగుతుంది. లాగినవాళ్ళు దాన్ని పైకెత్తి చూపించి మళ్ళీ తిరిగిచ్చేస్తారు. అక్టోబరు చివర్లో ఒక చలి పొద్దున, మనవాళ్ళు నాలుగు టచ్‌డౌన్లు (మన లెక్కలో నాలుగు గోల్స్ లాంటివి) వెనకబడి ఉన్నప్పుడు, జట్టులో అందరికంటే చిన్నపిల్ల వెళ్ళి అవతలి జట్టు పొడుగాటి కుర్రాడి ఫ్లాగ్ లాగింది. వేళ్ళు కొంకర్లు పోయి వాడికి దాన్ని మళ్ళీ బెల్టుకి తగిలించుకోవడం రావట్లేదు. ఆ పిల్ల గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని తనే తగిలించి, తన చోటికి పరిగెత్తింది. తీసేసిన స్లైడ్‌లో ముందు వరసలో నిలబడింది ఆ పిల్లే.

డెట్రాయిట్‌లో ఉంటూ మనం ఈ పని చేయడం నాకు మరీ విడ్డూరంగా ఉంది. ఈ మధ్య వచ్చినవాళ్ళకి మన ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లయన్స్ అంటే గెలిచే జట్టే. 2024 సీజన్‌లో 15 గెలిచి 2 ఓడింది మరి. 2008లో ఇక్కడున్నవాళ్ళని అడగండి. ఆ ఆగస్టులో ప్రీ సీజన్ మ్యాచ్‌లు నాలుగూ గెలిచి ఊరిని ఊరించారు. అసలు సీజన్ మొదలయ్యాక 16కి 16 ఓడారు. సీజన్‌కి 16 మ్యాచ్‌లు పెట్టినప్పటి నుంచి అంతకుముందు ఎవరికీ దక్కని ఘనత. 1976లో టాంపా బే 14కి 14 ఓడిందిగానీ, పాపం అది అప్పుడే పుట్టిన జట్టు.

ఆ 2008 అక్టోబరులో మిన్నెసోటాతో మ్యాచ్‌లో లయన్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డాన్ ఓర్లోవ్‌స్కీ, వెంటపడుతున్న అవతలి జట్టు జారెడ్ ఆలెన్ నుంచి తప్పించుకోబోయి, తనకు తెలియకుండానే ఎండ్ జోన్ (మైదానం కొసన ఉండే భాగం) వెనక గీత దాటేశాడు. అవతలివాళ్ళకి 2 పాయింట్లు. మ్యాచ్ పోయింది 12-10 తేడాతో. అదే మనలో ఒకడైతే ఈపాటికి ఊరు మారి, ఫోన్ నంబరు మార్చి ఉండేవాడు. ఆయన ఇప్పుడు ఈఎస్‌పీఎన్‌లో కూర్చుని ఫుట్‌బాల్ విశ్లేషిస్తాడు. ఆ గీత సంగతి వస్తే తన మీద తానే జోకులేసుకుంటాడు.

ఆ ఏడాది నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నాడు నేను లయన్స్ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్‌లో ఉన్నాను. టికెట్ కొనలేదు, ఊరికే వచ్చింది. మా కంపెనీలో టూలింగ్ డిజైన్ చేసే పెద్దాయన తెచ్చాడు. తోడు రమ్మంటే ఇంట్లోవాళ్ళెవరూ రాలేదట. అప్పటికి వారం కిందటే కార్ల కంపెనీల పెద్దలు ముగ్గురూ ప్రైవేటు జెట్లలో వాషింగ్టన్ వెళ్ళి సాయం అడిగి, అమెరికా కాంగ్రెస్‌లో చీవాట్లు తిని వచ్చారు. మా ఆఫీసులో శుక్రవారం వచ్చిందంటే టెన్షన్, ఎవరి ఉద్యోగం పోయి, సామాను సర్దుకోవడానికి ఎవరి బల్ల మీద అట్టపెట్టె కనిపిస్తుందోనని. హెచ్1 ఉద్యోగ వీసా మీద ఉన్న నాలాంటివాళ్ళం డల్లాస్ వైపు ఉద్యోగాలు వెతుక్కుంటున్నాం.

అవతల టెనెస్సీ టైటన్స్. సగం ఆట అయ్యేసరికే 35-10. మా ముందు వరసలో నలుగురు సిగ్గుతో మొహం దాచుకోవడానికి కాగితం సంచులకు కళ్ళ దగ్గర కంతలు పెట్టి తలకు తగిలించుకున్నారు. అందులో ఒకాయన సంచీ పైకి జరుపుకుంటూ హాట్‌డాగ్ తింటున్నాడు. మా పెద్దాయన తిట్టని తిట్టు లేదు. కోచ్ రాడ్ మారినెల్లీని తిట్టాడు, సెప్టెంబరులోనే ఉద్యోగం ఊడిన జనరల్ మేనేజర్ మాట్ మిల్లెన్‌ని వెతికి వెతికి తిట్టాడు, ఓనర్లయిన ఫోర్డు వంశాన్ని తరతరాలుగా తిట్టాడు. ఆ జట్టులో కాల్విన్ జాన్సన్ అనే కుర్రాడు మాత్రం, ఎటు విసిరినా పోయి పట్టుకునేవాడు, ఆ దిక్కుమాలిన సీజన్‌లోనే 1,331 గజాలు సంపాదించాడు. అతని దగ్గరికి బంతి వెళ్ళినప్పుడల్లా తిట్లు ఆపేసి లేచి నిలబడేవాడు పెద్దాయన. 47-10తో ఆట ముగిసేదాకా కదల్లేదు. వెళ్దామా అంటే, ఇప్పుడు వెళ్తే పార్కింగ్‌లో ఇరుక్కుంటామన్నాడు. అప్పటికే సగం స్టేడియం ఖాళీ, ఇరుక్కోవడానికి కార్లేవీ?

జనవరిలో ఆయన ఉద్యోగం పోయింది. అయినా సీజన్ టికెట్లు వదులుకోలేదు. 2009 సెప్టెంబరు 27న లయన్స్ వాషింగ్టన్ జట్టుని 19-14తో ఓడించి, వరసగా 19 ఓటముల తర్వాత మొదటిసారి గెలిచారు. టికెట్లు అమ్ముడుపోక మన ఊరి టీవీలో రాని మ్యాచ్ అది. నేను రేడియోలో విన్నాను. ఆయన లోపల ఉన్నాడు.

చివరికి లయన్స్ గెలిచారు కదా అని ఈ కథ చెప్పడం లేదు. ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర జరిగే నాకౌట్ మ్యాచ్‌లలో) ఒక్క గెలుపు కోసం 1992 జనవరి నుంచి 2024 జనవరి దాకా ఎదురుచూశారు ఈ ఊరివాళ్ళు. ఈ మధ్యలో గెలుపు చూడకుండానే పోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళది వెర్రి అంటారా? కొంత వెర్రే. జట్టు ఎంత ఓడినా జనం వస్తూంటే ఓనర్లకి ఏం పట్టింది? మిల్లెన్ హయాంలో 31 గెలిచి 84 ఓడినా ఏడేళ్ళకు పైగా అదే కుర్చీలో కూర్చోబెట్టారు. అలాగని జనం నోరు మూసుకుని ఊరుకోలేదు. 2005 డిసెంబరులో మిల్లెన్‌ని తీసేయమంటూ స్టేడియం చుట్టూ ఊరేగింపు చేశారు. కానీ ఓడిన ఆటగాళ్ళ ఫొటోలు ఎవరూ తీసేయలేదు.

మరి మనం? 2007 ప్రపంచ కప్‌లో మన క్రికెట్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో ఓడితే రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద పడ్డారు. ఎంసెట్ ఫలితాల మర్నాడు పేపర్ల నిండా ర్యాంకర్ల స్టాంపు సైజు ఫొటోలు చూస్తూ పెరిగినవాళ్ళం. ఆ పేజీలో లేని పిల్లలు ఆ రోజు ఏం చేస్తున్నారో ఎవరికీ పట్టదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అంత దూరం ఎందుకు తెచ్చావంటారేమో. ఓడినవాళ్ళ పేరు ఎత్తకపోవడమే మర్యాద అనుకునే అలవాటు అక్కడిదే, మన లగేజీలో ఇక్కడికొచ్చింది. అదే మన సంస్కృతి అంటే మాత్రం ఒప్పుకోను. మా ఊళ్ళో సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడితే ఓడిన జట్టుకీ గెలిచిన జట్టుకీ ఒకే ఇంట్లో, ఒకే బంతిలో భోజనాలు. ఓడినవాళ్ళని వరసపెట్టి ఆట పట్టించేవారు, అరిసెలు మాత్రం రెండేసి ఎక్కువ వడ్డించేవారు.

కార్యవర్గం కష్టం నాకు తెలుసు. మీరు జీతాలు తీసుకుని చేయడం లేదు. హాలు గంటల లెక్కన అద్దె, స్పాన్సర్లకి స్టేజీ మీద టైం ఇవ్వాలి, డాన్సు గ్రూపుల తల్లిదండ్రులతో ఎలాగూ తంటాలే. గెలిచినవాళ్ళని మెచ్చుకోవద్దని కూడా అనను, నిద్ర మానుకుని చదివిన పిల్లలు వాళ్ళు. ఓడిన జట్టులో లోపాలు లేవని కూడా కాదు. వారానికి ఒక్క ప్రాక్టీసు, దానికీ సగం మంది ఆలస్యం, తెచ్చి దింపాల్సింది మనమే కాబట్టి ఆ తప్పు పిల్లలది కాదు. కోచ్ ఒక్కడే, అతనికి ఒక తోడు కావాలి.

అందుకే అడుగుతున్నాను. దీపావళి కార్యక్రమంలో ఫ్యాషన్ షోకిచ్చే ముప్పావుగంటలో పది నిమిషాలు ఆ పిల్లలకివ్వండి. శాలువాలు, మెమెంటోలు అక్కర్లేదు. పేర్లు చదవండి, ఎన్ని ఆడారో ఎన్ని ఓడారో కూడా దాచకుండా చదవండి. కొత్త సీజన్‌కి ఆగస్టులో పేర్లు తీసుకుంటారు. పోయినసారి ఆడినవాళ్ళలో ఇద్దరు తప్ప అందరూ మళ్ళీ వస్తామన్నారు. ఆ ఇద్దరి ఇళ్ళకీ కార్యవర్గం తరఫున ఎవరైనా ఒకరు ఫోన్ చేయండి. నంబర్లు కోచ్ దగ్గర ఉన్నాయి.