అలమరాలో విప్పని పెట్టె గారికి

మహారాజశ్రీ బూస్టరు పెట్టె గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ, అంటే నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో, అలమరా మూడో అరలో, ట్యాక్సు కాగితాల ఫైలుకూ పనిచేయని మోడెముకూ మధ్య మీరూ క్షేమమనే తలుస్తాను. ఇరవై ఏళ్ళు దాటినా మీ ఒంటి మీద ప్లాస్టిక్ కాగితం చెక్కు చెదరలేదు. మనిద్దరిలో వయసు మీద పడింది నాకే.

ఇది నలుగురూ చదివే ఉత్తరం కాబట్టి ముందు మీ పరిచయం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఊహాలోకపు వీరుల, రాక్షసుల ఆటకు 2003లో రంగులు వేసిన చిన్న చిన్న ప్లాస్టిక్ బొమ్మలు రావడం మొదలైంది. మొదటి కాన్పు హార్బింజర్, 80 రకాలు. దాని వెనకే పుట్టిన రెండో కాన్పు డ్రాగనై, 60 రకాలు. తమరు ఆ రెండో కాన్పు వారు, బూస్టరు అని పిలిచే మూసిన పెట్టె. మీ కడుపులో ఎనిమిది బొమ్మలుంటాయి. నాలుగు ఎక్కడ పడితే అక్కడ దొరికేవి, మూడు కాస్త అరుదు, ఒకటి బాగా అరుదు. ఏవేవో మాత్రం చెప్పరు. డబ్బు కట్టి, ప్లాస్టిక్ చించి, మూత తీశాకే తెలియాలి. పెళ్ళిచూపులు లేకుండా తాళి కట్టించుకునే రకం మీరు.

బొమ్మకో కార్డు ఉంటుంది. దాని ఖరీదు ఎన్ని పాయింట్లు, ఎంత దెబ్బ కొడుతుంది, ఎంత ఓర్చుకుంటుంది అన్నీ అందులో రాసి ఉంటాయి. గళ్ళ పటం మీద వంతుకు రెండు బొమ్మల చొప్పున నడిపి, ఇరవై ముఖాల పాచిక వేసి కొట్టుకోవాలి. పది ముఖాలవాడి వల్లే లంక తగలబడింది. దీనికి ఇరవై.

ఈ ఆటను రెండు రకాలుగా ఆడేవాళ్ళు. ఒకటి, ఇంటి దగ్గర తీరిగ్గా ఏరి కూర్చుకున్న 200 పాయింట్ల సైన్యంతో రావడం. ఇది డబ్బున్నవాళ్ళ ఆట. మా ఊరి షాపుకి ఒకాయన చేపలు పట్టేవాళ్ళ గాలాల పెట్టెలో అరలు అరలుగా బొమ్మలు పేర్చుకుని వచ్చేవాడు. నేను అప్పుడు ఒహాయోలో చదువుకుంటూ, ఇంకో ముగ్గురితో గది పంచుకుని, వారానికి ఐదు రోజులు పప్పు తింటున్న వాడిని. ఆయన గాలాల పెట్టె మూత తీస్తే నా నెల జీతం కనబడేది.

రెండో రకం మీది. ఎవరూ ఏమీ తెచ్చుకోకూడదు. అక్కడికక్కడ మూసిన పెట్టెలు ఇస్తారు, అందరూ ఒకేసారి విప్పాలి, అందులో ఉన్నవాటితోనే సైన్యం కట్టాలి. గాలాల పెట్టె ఆయనకీ అవే, పప్పన్నం వాడికీ అవే. ఆ మాట విని మీ మీద నాకు ఎంత గౌరవం కలిగిందంటే, ఇంత సమానత్వం మన రాజ్యాంగంలో తప్ప ఇంకెక్కడా చదవలేదనుకున్నాను. మా ఊరి రేషన్ షాపు మాత్రం అప్పుడు గుర్తు రాలేదు. అక్కడా అందరికీ సమానమే. ఒకడి సంచిలో బియ్యం ఎక్కువ, ఒకడి సంచిలో రాళ్ళు ఎక్కువ, తూకం మాత్రం ఒక్కటే.

2004లో ఒక శనివారం. షాపు వెనక గది, గోడకి అవతల లాండ్రీ, మెషిన్లు తిరిగినప్పుడల్లా మా బల్లలు సన్నగా వణికేవి. పదిమందిమి. మనిషికి హార్బింజర్ ఒకటి, డ్రాగనై ఒకటి, 100 పాయింట్ల సైన్యం, అరగంట టైము. నాకిచ్చిన పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. కొబ్బరికాయ కొనేటప్పుడు మనం చేసే పనే. షాపాయన గట్టిగా దగ్గాడు. ఊపకూడదట. ఊపితే లోపల పెద్ద బొమ్మ ఉందో లేదో తెలిసిపోతుందనుకునే మొదటి తెలివైనవాడిని నేను కానని, గోడ మీద రాసి ఉన్న నోటీసు చూశాక అర్థమైంది.

విప్పడమంటే ఒక తంతు. మూత తీయగానే కొత్త చెప్పుల వాసన. పైన కార్డులు, కింద బొమ్మలు. కార్డులు చదివే ఓపిక ఎవడికీ ఉండదు. పదిమందీ బొమ్మల్ని తలకిందులు చేసి పాదాల కింద చూస్తారు. అక్కడ ఒక గుర్తు ఉంటుంది: మామూలుదానికి చుక్క, కాస్త అరుదైనదానికి డైమండు, బాగా అరుదైనదానికి నక్షత్రం. మా వైపు బిడ్డ పుడితే పంచాంగం తీసి జన్మనక్షత్రం చూస్తారు. తమరి కాన్పులో పిల్లల్ని కాళ్ళు పట్టుకుని తిరగేస్తే చాలు.

నా రెండు నక్షత్రాలూ చెడ్డవాళ్ళ పార్టీవి. అది అంత ముఖ్యమా అంటారేమో. ఈ ఆటలో అప్పట్లో నాలుగు వర్గాలుండేవి: క్రమం పాటించే మంచివాళ్ళు, పాటించని మంచివాళ్ళు, క్రమం పాటించే చెడ్డవాళ్ళు, పాటించని చెడ్డవాళ్ళు. మామూలుగా ఒక సైన్యంలో ఒకే వర్గం ఉండాలి. రెండు పెట్టెల్లోంచి అలా కూర్చడం కష్టం కాబట్టి మా నిర్వాహకుడు సంకీర్ణానికి ఒప్పుకున్నాడు. మంచివాళ్ళంతా ఒకవైపు కలవచ్చు, చెడ్డవాళ్ళంతా ఒకవైపు. నాకు పడిన పదహారులో మంచివి తొమ్మిది. అన్నీ కలిపినా ఎనభై చిల్లర దగ్గర ఆగిపోయాయి. ఒట్టి మంచితనంతో నూటికి నూరు ఎవరికొచ్చాయి? పోనీ చెడ్డవైపు వెళ్దామంటే అటు నాయకుడు లేడు. అవి అచ్చంగా నాయకుడు లేని చెడ్డవాళ్ళు; ఎన్నికల మర్నాడు తప్ప అలాంటివాళ్ళు ఎక్కడా కనబడరు.

నాయకుడు లేకపోతే ఏమవుతుందంటే, ఎవరు ముందు కదలాలన్న పాచికలో వెనకబడతాం. అంతకన్నా ముఖ్యం ధైర్యం లెక్క. బొమ్మ ప్రాణం సగానికి పడిపోగానే పాచిక వేయాలి. వచ్చిన అంకెకి దాని స్థాయి కలిపి, పక్కన నాయకుడుంటే ఆయన బలం కూడా కలిపి, కనీసం 20 రావాలి. రాకపోతే బొమ్మ వెన్ను చూపి పరిగెడుతుంది. నా వాళ్ళు పరిగెత్తారు. కోబోల్డులనే బల్లి మొహపు మరుగుజ్జులు ఇద్దరు, ఆర్కు అనే మోటు రాక్షసుడు ఒకడు, అందరూ బయటి గీత వైపు, ఆఖరి బస్సు దొరకదేమో అన్నంత తొందరగా. మూడు ఆటల్లో మూడూ ఓడాను. ఒక ఆటలో నన్ను ఓడించింది హ్యూమన్ కామనర్. నిజంగా ఆ పేరుతోనే ఒక బొమ్మ ఉంది. సామాన్య మానవుడు.

బాధ పడ్డానా? లేదండీ. నేను ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో మీకు చెప్పాలి. ఓడింది నేను కాదు కదా, పెట్టె. గదిలో ముగ్గురికీ పెట్టె బాగోలేదని చెప్పాను. ల్యాబులో చెప్పాను. ఆదివారం రాజమండ్రికి ఫోన్ చేసి, కాలింగ్ కార్డు మీద నిమిషాలు అయిపోతున్నా అమ్మకి కూడా చెప్పాను. ఆవిడకి కోబోల్డు అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. అంతా విని, "ఆడలేక మద్దెల ఓడంటావు, అంతేగా?" అంది.

అంతేనండి. నాకు కావలసిందల్లా ఒక ఓడు మద్దెల. పది డాలర్ల దరిదాపుల్లో అంత నమ్మకమైన మద్దెల ఎవరిస్తారు? పరీక్ష పోతే ప్రొఫెసర్ నా వైపే చూస్తాడు. ఉద్యోగం రాకపోతే మామయ్య నా వైపే చూస్తాడు. మీ దగ్గర ఓడితే మాత్రం అందరూ మీ వైపే చూస్తారు.

అలాంటి మీరు రెండో నెలలో నాకు చేసిన ద్రోహం రాయడానికే ఈ ఉత్తరం.

అదే గది, అవే లాండ్రీ వణుకులు. డ్రాగనై పెట్టె మూత తీయగానే ఎర్రటి రెక్క ఒకటి బయటికి తన్నుకొచ్చింది. తిరగేస్తే నక్షత్రం. పెద్ద ఎర్ర డ్రాగన్. నోరు తెరిచి, మెడ వంచి, పటం మీద నిలబెడితే ఒక్కటే నాలుగు గళ్ళు ఆక్రమించే డ్రాగన్. పక్క బల్లల వాళ్ళు లేచి వచ్చి చూశారు. గాలాల పెట్టె ఆయన "నక్క తోక తొక్కి వచ్చావు" అన్నాడు. అంటే ఇంగ్లీషులో ఇంకేదో అన్నాడు, భావం అదే. ఇంతమంది చూస్తుండగా పెట్టె బాగోలేదని నేను ఇక ఎవరికి చెప్పుకోను?

నా ఎదుట కూర్చున్నది రిటైరైన పోస్ట్‌మాన్. ఆయనకు పడినవి చూసి నాకు జాలేసింది. రెండు అస్థిపంజరాలు, విల్లు పట్టుకున్న ఒకడు, ఇంకా పేరు గుర్తులేని చిల్లర జనం. ఆయన మొహంలో ఏ బాధా లేదు. కార్డులన్నీ అడ్రసుల వరసలో సర్దినట్టు ఒక వరసలో పెట్టుకున్నాడు, ప్రతి కార్డూ వేలు పెట్టి చదివాడు. నేను చదవలేదు. డ్రాగన్ ఉన్నవాడు చదవడమేమిటి?

రెండో వంతులోనే ఎగిరి వెళ్ళి పటం నట్టనడుమ దిగాను. నిప్పు ఊదాను. ఇద్దరు పోయారు. ఆ తర్వాత చూసుకుంటే నా మిగతా సైన్యం, నాయకుడితో సహా, ఎక్కడో వెనక గోడ దగ్గర ఉంది. డ్రాగన్ చుట్టూ ఆయన మనుషులు. ఈ ఆటలో దెబ్బలన్నీ ఐదుల లెక్కన పడతాయి: ఐదు, పది, ఐదు, ఐదు, పది. చీమలు బెల్లం పట్టినట్టు పట్టారు. ఒకసారి పాచిక మీద 20 పడింది ఆయనకు, అది పడితే దెబ్బ రెండింతలు. ప్రాణం సగానికి దిగింది. ఆయన నా వైపు చాలా మర్యాదగా చూసి, "ధైర్యం పాచిక వేయాలి బాబూ" అన్నాడు.

వేశాను. గోడ అవతల మెషిన్ ఒకటి గిరగిరా తిరుగుతోంది, బల్ల వణుకుతోంది, పాచిక అంచు మీద ఒకసారి తూగింది. మూడు.

డ్రాగన్ పారిపోయింది. ఊళ్ళు తగలబెట్టవలసిన డ్రాగన్, రెక్కలున్న డ్రాగన్, రెండు ఎముకల గూళ్ళను చూసి పారిపోయింది. పారిపోయేవాడికి పక్కనున్నవాళ్ళు తలా ఒక దెబ్బ ఊరికే వేసుకోవచ్చన్నది నియమం. వేసుకున్నారు. అస్థిపంజరానికి మాత్రం ధైర్యం పాచిక అక్కర్లేదు, కార్డు మీదే భయం లేదని రాసి ఉంది. చచ్చినవాడికి ఇంక భయమేమిటి! ఆఖరి దెబ్బ వేసింది అదే. పోస్ట్‌మాన్ డ్రాగన్‌ను తన చేత్తో తీసి, రెక్క వంగకుండా నా పక్కన నిలబెట్టి, "మంచి డ్రాగన్" అన్నాడు. నిజంగానే మెచ్చుకుంటూ అన్నాడు. అదే ఎక్కువ నొప్పి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మద్దెల బ్రహ్మాండంగా ఉంది.

పాల్గొన్నవాళ్ళందరికీ చివర్లో తలా ఒక పెట్టె ఇచ్చారు. అలా నా చేతికొచ్చింది తమరు. అప్పటినుంచి విప్పలేదు. ఎందుకు విప్పలేదని ఇల్లు మారిన ప్రతిసారీ నా భార్య అడుగుతుంది, ఐదు ఇళ్ళు మారాం. మూసిన పెట్టెకి రేటు పెరుగుతుందని అబద్ధం చెబుతాను. తమరికి నిజం చెబుతున్నాను: మూసి ఉన్నంతకాలం నా దగ్గర ఇంకో మద్దెల ఉన్నట్టే.

ఇక అసలు సంగతి. నా కాన్వొకేషన్‌కి వచ్చినప్పుడు అమ్మ ఆ డ్రాగన్‌ను చూసింది. డబ్బాలో నలిగి దాని తోక వంగిపోతే, మరిగే నీళ్ళలో ముంచి, సరిచేసి, వెంటనే ఐసు నీళ్ళలో ముంచుతున్నాను. ప్లాస్టిక్ బొమ్మల వాళ్ళంతా చేసే వైద్యం అది. "బొమ్మకి తలంటు పోస్తున్నావా?" అని తుడిచి చేతిలోకి తీసుకుంది. ఇటూ అటూ తిప్పింది. గుడి గోపురం మీద యాళిలా ఉందంది. వెళ్ళేటప్పుడు చీరల మధ్య చుట్టి రాజమండ్రి పట్టుకుపోయింది. అప్పటినుంచి ప్రతి సంక్రాంతికీ అది మా ఇంటి బొమ్మల కొలువులో ఉంటుంది. కింది మెట్టు మీద, కుడి చివర, ద్వారపాలకుడిగా. పైన దశావతారాలు, మధ్యలో ఏటికొప్పాక లక్కబొమ్మలు, శెట్టిగారి కొట్టు. పేరంటానికి వచ్చిన పిల్లలు ముందు దాని దగ్గరే కూర్చుంటారట. అక్కడ అది ఒక్కసారి కూడా పారిపోలేదు.

కానీ కొలువులో ద్వారపాలకుడు ఒక్కడే ఉండకూడదు కదండీ. ఏటా అమ్మది ఒకటే మాట. "కుడిపక్క జయుడున్నాడు. ఎడమపక్కకి విజయుడేడిరా?" నా దగ్గర విజయుడు లేడన్న సంగతి ఒహాయోలో ఆ లాండ్రీ గోడకి కూడా తెలుసు. కోబోల్డులు కావాలంటే నాలుగున్నాయి, రెండు జతలు, అవి పంపిస్తానన్నాను. బొమ్మ కావాలంటే షాపుకెళ్ళి అదే ఇమ్మని అడగాలి గాని ఇదేం బేరమంది. ఆవిడకి మీ వ్యాపారం ఇప్పటికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది కాబట్టే నాలుగు కోబోల్డులు.

మొన్న వీడియో కాల్‌లో నా వెనక అలమరా కనబడింది. "ఆ మూడో అరలో పెట్టె మీద ఉన్నది మన యాళి బొమ్మ జాతే కదూ?" అంది. కళ్ళజోడు మార్చి నెల కూడా కాలేదు, అన్నీ కనబడుతున్నాయి. 60 రకాలనీ, నక్షత్రం ఒక్కటే ఉంటుందనీ, అది ఇదే అయ్యే అవకాశం బాగా తక్కువనీ లెక్క చెప్పాను. ఓపిగ్గా విన్నాక "లెక్క సరే, విప్పావా?" అంది.

ఆదివారం పొద్దున్న, ఆవిడకి సాయంత్రం, ఫోను ఎదురుగా పెట్టి మిమ్మల్ని విప్పాలని తీర్మానమైంది. పక్కింటి పిన్నిగారు కూడా చూస్తారట. ఇవాళ బుధవారం. కాబట్టి మీకు నాలుగు రోజుల గడువుంది. లోపల ఉన్నది డ్రాగన్ కాకపోతే, ఈలోగా మార్చుకునే ఏర్పాటు ఏదైనా తమ పరిధిలో ఉన్నట్లయితే దయచేసి పరిశీలించగలరు. ఎర్రదే కానక్కర్లేదు. తోక వంగినా పర్వాలేదు, వేడినీళ్ళు నేను చూసుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడు పడినవాడు