కిలో కిలోగానే ఉండాలి

గిన్నెలు తోమే సబ్బు పాత రేటుకే దొరుకుతోంది, నెలాఖరు దాకా రావడం లేదు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఐదు రూపాయల దగ్గరే ఆగింది, లోపల బిస్కెట్లే తగ్గాయి. సరుకుల చిట్టీ మారకపోయినా డబ్బాలు ముందే ఖాళీ అవుతున్నాయి. ఇల్లు నడిపేవాళ్లకు ఇదంతా కొత్త కాదు. 'కంపెనీలంటే అంతే' అని సరిపెట్టుకోవడమే నాకు నచ్చనిది. ఇందులో కంపెనీల ఎత్తుగడ ఎంత ఉందో, ప్రభుత్వం చేతులారా వదిలేసిన బాధ్యత కూడా అంతే ఉంది.

ముందు లెక్క చూడండి. 2022లో ధరలు మండుతున్నప్పుడు హల్దీరామ్స్ పది రూపాయల ఆలూ భుజియా ప్యాకెట్ 55 గ్రాముల నుంచి 42 గ్రాములకు తగ్గింది. విమ్ సబ్బు అదే పది రూపాయలకు 155 గ్రాముల నుంచి 135కు దిగింది. భుజియాలో సరుకు తగ్గింది సుమారు 24 శాతం. కానీ గ్రాముకు మనం కట్టే ధర పెరిగింది 31 శాతం. పది రూపాయల ప్యాకెట్‌ను పదమూడు చేసి ఉంటే కొట్టు దగ్గరే గొడవయ్యేది. గ్రాములు తగ్గిస్తే ఎవరూ నోరెత్తరు, ఎందుకంటే తగ్గిన సంగతి కొనేవాళ్లకు తెలియదు. తెలియకపోవడం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

'ముడి సరుకుల ధరలు పెరిగితే ఏం చేయమంటారు, పేదవాడు ఐదు, పది రూపాయల నోటుతోనే కొంటాడు కదా' అని కంపెనీలు అంటాయి. ఆ మాటలో నిజం లేకపోలేదు. యుద్ధం వచ్చి ఉక్రెయిన్ పొద్దుతిరుగుడు నూనె ఆగిపోయింది, ఇండోనేషియా కొన్నాళ్లు పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఖర్చు పెరగడం నిజమే, ఆ భారం కొంత మన మీద పడడమూ సహజమే. సరుకు తగ్గించొద్దని నేను అనడం లేదు. తగ్గించినప్పుడు ఆ సంగతి చెప్పమంటున్నాను.

చెప్పడం చేతకాక కాదు. 2025 సెప్టెంబర్ 22న బిస్కెట్లు, స్నానం సబ్బులు, షాంపూల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. ఐదు, పది రూపాయల ప్యాకెట్లలో ధర తగ్గించే బదులు సరుకు పెంచుతామని కంపెనీలు పత్రికలకెక్కి చెప్పాయి. పండగ ఆఫర్ల సమయంలో చూడండి, '20 శాతం అదనం' అని ప్యాకెట్ ముందు పసుపు పట్టీ మీద ఎంత లావు అక్షరాలు ఉంటాయో. పది గ్రాములు కలిపితే ముఖం మీద రాస్తారు. పది గ్రాములు తీసేస్తే వెనక అతుకు పక్కన, తయారీ తేదీ కింద, చీమ తలకాయంత అంకె మారుతుంది. ఈ తేడా పొరపాటున వచ్చింది కాదు. సరుకు పెరిగిందని చెప్పడానికి చోటున్న ప్యాకెట్‌కు, తగ్గిందని చెప్పడానికి చోటు లేదని ఎవరూ వాదించలేరు.

ఇక చట్టం సంగతి. 2011 నాటి ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనల్లో రెండో షెడ్యూలు అని ఒకటి ఉండేది. పప్పులు, టీ, కాఫీ, ఉప్పు, వంటనూనె లాంటి 19 రకాల సరుకులను ఏయే సైజుల్లో ప్యాక్ చేయాలో అది చెప్పేది. భుజియా లాంటి చిరుతిళ్లకు ఆ రక్షణ లేదు, నిత్యావసరాలకు ఉండేది. 2021 నవంబరులో కేంద్రం ఆ షెడ్యూలును ఎత్తేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. బదులుగా గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో ముద్రించమంది. ఆ అంకె ఉండడం మంచిదే. కానీ పోయిన నెల ఎంత పడిందో అది చెప్పదు. పైసల్లో ఉన్న ఆ సంఖ్యను గుర్తుపెట్టుకుని, వచ్చే నెల కిరాణా కొట్టులో వెనక మనుషులు నిలబడి ఉండగా పోల్చుకునే ఓపిక ఎవరికుంటుంది?

నూనె ప్యాకెట్ దగ్గర దీని ఫలితం బాగా కనిపిస్తుంది. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. ఇప్పుడు అదే ఎత్తు, అదే రంగు ప్యాకెట్లలో 850, 800 గ్రాములవీ వస్తున్నాయి. నెలకు ఐదు ప్యాకెట్లు వాడే ఇంట్లో ప్యాకెట్‌కు 60 గ్రాములు తగ్గితే ఏడాదికి మూడున్నర కిలోల పైమాటే. చివరికి నూనెల పరిశ్రమ సంఘాలే పాత సైజులు మళ్లీ పెట్టమని ప్రభుత్వాన్ని అడిగాయి. నిజాయితీగా లీటరు నింపేవాడి ప్యాకెట్, 850 గ్రాముల ప్యాకెట్ పక్కన ఖరీదుగా కనిపిస్తుంది మరి. అంటే నష్టం మనతో ఆగలేదు, సరిగ్గా తూచేవాడికీ తగిలింది.

ఈ నూనెలోనే ఇంకో కథ ఉంది. వేడి చేస్తే నూనె వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 893 లోపే. కొన్ని కంపెనీలు '60 డిగ్రీల దగ్గర ఒక లీటరు' అని రాసి అమ్మాయి. మన వంటింట్లో 60 డిగ్రీల నూనె ప్యాకెట్ ఎక్కడుంటుంది? 2022 ఆగస్టులో కేంద్రం కలగజేసుకుని ఉష్ణోగ్రత రాయకుండా అసలు బరువు చెప్పాలని ఆదేశించింది, గడువూ పెట్టింది. తలుచుకుంటే చేయగలరని అప్పుడే తేలింది.

ఇక్కడ అన్యాయం ఇంకోటి ఉంది. మన ఊరి కొట్టువాడి కాటాకు ముద్ర ఉండాలి, రాళ్లకు ముద్ర ఉండాలి. తూకం తగ్గితే తూనికలు, కొలతల శాఖ కేసు రాస్తుంది, రాయాల్సిందే. అర కిలోకు పైన కిలో దాకా ఉన్న ప్యాకెట్‌లో రాసినదానికంటే 15 గ్రాములకు మించి తగ్గినా తప్పే. అదే కంపెనీ 60 గ్రాములు తీసేసి, కొత్త అంకె ముద్రించేస్తే చట్టానికి అందులో తప్పే కనిపించదు. చిన్న వ్యాపారి మీద అంత నిఘా పెట్టి, పెద్ద కంపెనీని దాని మానాన వదిలేయడం ఏం న్యాయం?

అసలు నా బాధ గ్రాముల గురించే కాదు. వీశెలు, మణుగులు, సోలలు, తవ్వలు ఊరికో తీరుగా ఉన్న దేశంలో, ఎక్కడ కొన్నా ఒకటే కొలత ఉండాలని 1956లో చట్టం చేశారు. 1958 నుంచి కిలోలు వచ్చాయి. చదువురాని మనిషి కూడా మోసపోకుండా కొనుక్కోవడానికి పడ్డ శ్రమ అది. కిలో, లీటరు, నెల అందరి సొత్తు. వాటిని ఎవరికి వాళ్లు కొరుక్కుతింటున్నారు. ఫోన్ రీచార్జ్ చూడండి, నెల అంటే 28 రోజులైంది, ఏడాదికి 13 సార్లు కట్టాలి. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ జోక్యం చేసుకుంటే గానీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్ పెట్టడం తప్పనిసరి కాలేదు. 'జాగో గ్రాహక్ జాగో' అని మనల్ని మేలుకోమంటూ, కాపలా కాయాల్సినవాళ్లు తప్పుకుంటే కుదరదు.

ఫ్రాన్స్‌లో 2024 జులై నుంచి సరుకు తగ్గించి అదే ధరకు, లేదా ఎక్కువకు అమ్మితే ఆ సంగతి పెద్ద దుకాణాలు షెల్ఫు దగ్గరే బోర్డు పెట్టి చెప్పాలి. దక్షిణ కొరియా అదే ఏడాది ఆగస్టు నుంచి చెప్పకుండా తగ్గించే తయారీదారులకు జరిమానా పెట్టింది. మన దగ్గర షెల్ఫుల కంటే వేలాడే ప్యాకెట్లే ఎక్కువ కాబట్టి బోర్డు చాలదు, ప్యాకెట్ మీదే ఉండాలి. తగ్గించిన రోజు నుంచి ఆరు నెలలు 'ఇంతకుముందు ఇన్ని గ్రాములు, ఇప్పుడు ఇన్ని' అని ముందువైపు, ధర అక్షరాలంత సైజులో, ఆ రాష్ట్ర భాషలో రాయాలి. నూనె, పప్పు, ఉప్పు, పిండి, టీపొడికి పాత సైజులు తిరిగి తేవాలి. ఇందుకు పార్లమెంటులో కొత్త బిల్లు కూడా అక్కర్లేదు. షెడ్యూలును తీసేసింది నోటిఫికేషన్‌తోనే, తిరిగి పెట్టడానికీ అదే చాలు. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఎంపీలున్నారు. వాళ్లలో ఎవరు ఈ ప్రశ్న ముందు వేస్తారో చూడాలి.