ఆ ఒక్క షో కూడా పీకేశారు

శుక్రవారం వచ్చిన చిన్న సినిమా ఆదివారం చూద్దామని యాప్ తెరిస్తే, ఒకే ఒక్క షో. అదీ ఉదయం 8:40కి! పక్కన పెద్ద హీరో సినిమాకేమో అరగంటకో ఆట. సరేలెమ్మని నిద్ర చంపుకుని బయల్దేరితే దారిలో మెసేజ్: షో రద్దు. జనం లేరట. ఆ వేళకి వేస్తే ఎవరొస్తారండీ, కోడిపుంజులా? బాగుందన్న మాట నలుగురి చెవిన పడటానికి నాలుగు రోజులైనా పట్టదూ? సోమవారానికే ఎత్తేస్తే ఆ మాట విని ఎవరేం చెయ్యాలి? పైగా "కంటెంట్ ఉంటే ఆడుతుంది" అని నీతులు! ఎక్కడ ఆడాలి, పార్కింగ్‌లోనా? 2020లో హాళ్లు మూతపడ్డప్పటి నుంచి "ఓటీటీలో చూద్దాంలే" అనడం మనకీ అలవాటైంది, ఒప్పుకుంటా. కానీ నేను వచ్చాను కదా, తలుపు తియ్యరే! టికెట్ డబ్బులు వారంలో వాపసట. అప్పటికి సినిమా ఉండదు.