సవరణ: మూడేళ్ల లెక్క అన్ని టీకాలకూ కాదు

పోయిన వారం పోస్టులో, పెంపుడు పిల్లులకు బూస్టర్ 3 ఏళ్లకోసారి వేయిస్తే చాలని రాశాను. అది తప్పు, క్షమించండి. ఆ లెక్క ముఖ్యంగా పాన్‌ల్యూకోపీనియా (పిల్లుల ప్రాణం తీసే ఒక వైరస్ జబ్బు) టీకాది. అదీ కూనగా ఉన్నప్పుడు 16 వారాలు నిండేదాకా డోసులు, ఏడాదిలోపు బూస్టర్ పడి ఉంటేనే. జలుబు తెచ్చే హెర్పిస్, కాలిసి వైరస్‌ల నుంచి రక్షణ అంతకాలం గట్టిగా నిలవదు. బయట తిరిగే పిల్లికి ఏటా వేయించడం మంచిది.

రేబిస్ టీకా మాత్రం మన దగ్గర ఏటా వేయించాల్సిందే. విజయవాడ పటమటలో మా పిల్లి గోడ దూకిందంటే వీధికుక్కల మధ్యే పడుతుంది. నిన్న దాని కార్డు తీస్తే, రేబిస్ స్టిక్కర్ పక్కన పెన్నుతో రాసిన తేదీ దాటి 12 రోజులైంది. సాయంత్రమే వేయించాను. నా మాట నమ్మి ఆగినవాళ్లు దయచేసి ఇవాళే కార్డు చూడండి.