కమోల్యి వాళ్లు ఓడ మునగకముందే ఏర్పాటు చేసుకున్నారు

ఇటలీ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోటోల్లో పోర్టోఫినో అనే సముద్రం ఒడ్డు ఊరు తప్పకుండా ఉంటుంది. ఆ ఊరున్న కొండకే ఇటు పక్కన, జెనోవా నుంచి లోకల్ రైల్లో ముప్పావు గంటలో వచ్చే కమోల్యిలో దిగేవాళ్లు మాత్రం తక్కువ. దిగినవాళ్లు కూడా "చిన్న జాలరి పల్లె, రంగు రంగుల ఇళ్లు" అని తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది.

19వ శతాబ్దంలో దాన్ని "వెయ్యి తెల్ల తెరచాప ఓడల ఊరు" అనేవాళ్లు. రేవు చూస్తే నమ్మబుద్ధి కాదు, అంత చిన్నది. ఓడలు తిరిగింది ఎక్కడో, నల్ల సముద్రం నుంచి గోధుమలు తేవడం, క్రిమియా యుద్ధంలో సైన్యాలకి సరుకు చేరవెయ్యడం ఇలాంటి పనుల మీద, కానీ వాటి యజమానులు, కెప్టెన్లు, తాళ్లు లాగిన కుర్రాళ్లు అందరూ ఈ ఊరివాళ్లే. ఈ ఊరున్న లిగూరియా తీరమంతా ఓడని 24 వాటాలుగా లెక్కకట్టేవాళ్లు. చేతిలో ఉన్నదాన్ని బట్టి ఒకరు ఒక వాటా, ఒకరు నాలుగు వాటాలు కొనుక్కునేవాళ్లు. అంటే ఒక ఓడ మునిగితే ఒక్క షావుకారు కాదు, వీధిలో సగం ఇళ్లు మునిగినట్టే.

అందుకే 1853లో ఆ ఓడల యజమానులు కలిసి తమలో తామే ఒక పరస్పర బీమా సంఘం పెట్టుకున్నారు. ఎవరి ఓడ పోయినా ఆ నష్టాన్ని అందరూ తలా కొంత భరించాలని ముందే ఒప్పుకున్నారు. వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి! నా ఉద్దేశంలో ఆ ఊరు అన్ని ఓడలు కట్టగలగడానికి ధైర్యం ఒక్కటే సరిపోయేది కాదు, ఈ ఏర్పాటు వెనక ఉండబట్టే అయింది.

కొండ వైపు బోస్కెత్తో గుడికి వెళ్తే ఆ భయం ఎలాంటిదో తెలుస్తుంది. తుపానులో ఒరిగిపోతున్న ఓడల బొమ్మలు గోడల నిండా ఉంటాయి, ప్రాణాలతో బయటపడ్డవాళ్లు మేరీమాతకి మొక్కు తీర్చుకుంటూ ఇచ్చినవి. ఊరి పేరుకి "భార్యల ఇల్లు" అని అర్థం చెప్తారు, మగవాళ్లంతా సముద్రం మీదే ఉండేవాళ్లు కాబట్టి. భాషా పండితులు ఒప్పుకోకపోవచ్చు గానీ, భర్త ఒక దేశంలో తను ఒక దేశంలో ఏళ్లు గడిపిన మన ఆడవాళ్లకి ఆ కథ వేరే వివరించక్కర్లేదు.

తర్వాత ఆవిరి ఓడలు వచ్చాయి, తెరచాపల కాలం అయిపోయింది. మా గోదావరి వైపు కోరంగి రేవుకి 1839 తుపాను ఒక్క దెబ్బతో చేసినంత పని ఇక్కడ ఆవిరి యంత్రం మెల్లమెల్లగా చేసింది. ఇప్పుడు ఊళ్లో జనం అయిదు వేల చిల్లరే. సముద్రం అంచునే నిలబడ్డ ఆరేడంతస్తుల ఇళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, దగ్గరికెళ్తే వాటి కిటికీల్లో కొన్ని ఉత్త రంగులే, గోడ మీద వేసిన బొమ్మలు.

జాలరి పని కూడా ఉంది, లేదనను. మే నెల రెండో ఆదివారం దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు మూకుడు పెట్టి ఊరందరికీ చేపలు వేయిస్తారు, 1952 నుంచి జరుగుతోంది. కానీ నన్ను కట్టిపడేసింది తొన్నరెల్లా అనే వల. పుంతా కియాప్ప అనే చోట ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నీళ్లలోనే పాతి ఉంచుతారు, చేతులతోనే పైకి లాగుతారు. ఆ వల దేంతో అల్లుతారనుకున్నారు? కొబ్బరి పీచుతో! ఏటా కొత్తది అల్లుతారు, సీజన్ అయ్యాక పాతదాన్ని కోసి సముద్రంలోనే వదిలేస్తారు, అది అక్కడే కుళ్లి కలిసిపోతుంది. కోనసీమలో పీచు తాళ్ల మధ్య పెరిగినదాన్ని, ఆ మాట విన్నాక వెంటనే కదల్లేకపోయాను.

ఇదంతా మన తెలుగు సంఘం పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, పరాయి దేశంలో మన పిల్లాడు ఎవరైనా పోయిన ప్రతిసారీ ఏం జరుగుతోందో మనందరికీ తెలుసు. ముందు వాట్సాప్‌లో ఫోటో, వెంటనే చందాల లింకు. శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కోసం ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని నలుగురికీ చూపించి అడగాల్సి వస్తోంది. పిల్లాడికి స్నేహితులు ఎక్కువుంటే డబ్బు త్వరగా వస్తుంది, కొత్తగా వచ్చి ఎవరికీ తెలియనివాడైతే రోజులు పడుతుంది. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, నేనూ ఇచ్చాను, ఇస్తాను. పద్ధతే తప్పు. సంక్రాంతికి హాలు, ఉగాదికి భోజనాలు, పాటల ట్రూపు వీటికి ఆరు నెలల ముందే బడ్జెట్ వేసే మనం, దీనికి మాత్రం చావు కబురు వచ్చేదాకా ఎందుకు ఆగాలి?

సభ్యత్వ రుసుములోంచి ప్రతి ఇంటి తరఫున ఏటా ఒక చిన్న మొత్తం విడిగా పక్కన పెడదాం, వేరే ఖాతాలో, పండగలకి ముట్టుకోకుండా. విద్యార్థులకి సగమే తీసుకుందాం. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో దీన్ని మొదటి అంశంగా పెట్టమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను, నా ఇంటి వాటా ఆ రోజే కట్టేస్తాను.